పేర్లు ఎక్కడ? లెక్కలు చాలవు!

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ఆగింది. ఆ తర్వాత ఇంగ్లీషు సర్కారు మద్రాసు రాజధానిలోనూ, పంజాబు లాంటి ప్రాంతాల్లోనూ చాలా ఊళ్లలో చిన్న చిన్న రాతి పలకలు పెట్టించింది. వాటి మూస ఒకటే. ఈ ఊరి నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది పోయారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలు విడిచారు. అంతే. ఊరి పేరు ఉంటుంది, రెండు అంకెలు ఉంటాయి. మనిషి పేరు ఉండదు.

ఇట్టాంటి పలకలు తమిళ ఊళ్లలో ఇప్పటికీ కనపడతాయి. మన నెల్లూరు జిల్లా కూడా 1953 దాకా మద్రాసు కిందే ఉండేది. అదే కలెక్టరు, అదే తాసీల్దారు, అదే భర్తీ పద్ధతి. కాబట్టి ఆ పలకల చరిత్ర మన చరిత్ర కూడా.

ఆ యుద్ధం మన సముద్రం దాకా వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చింది. ఒక గుండు తగిలిన చోట, హైకోర్టు ప్రహరీ గోడకు, దాని గుర్తుగా ఒక పలక పెట్టారు. ఇప్పటికీ ఉంది. గోడకు దెబ్బ తగిలితే తేదీ వేసి రాసుకున్నారు. ఊరి నుంచి పోయి తిరిగి రాని మనిషికి మాత్రం ఒక అంకె చాలనుకున్నారు.

మిత్రులారా, లెక్క వేరు, పేరు వేరు. లెక్క సర్కారుకు పనికొస్తుంది. ఈ ఊరు ఎంతమందిని ఇచ్చిందో చెప్పుకోవడానికి, రేపు మళ్లీ ఎంతమందిని అడగొచ్చో చూసుకోవడానికి పనికొస్తుంది. పేరు ఇంటోళ్లకు పనికొస్తుంది. ఆ మనిషి ఏ వాడ వాడో, ఎవరి కొడుకో, ఎవరి పెనిమిటో పేరే చెబుతుంది. అంకెలో మాలపల్లె కనపడదు, మాదిగపల్లె కనపడదు. ఊరి పేరు కింద అందరినీ కలిపేశాక గొప్పంతా ఊరి పెద్దల ఖాతాలోకి పోతుంది. ఊళ్లోకి రానియ్యని మనిషి చచ్చిపోయాక ఊరి లెక్కలో చేరాడు. బతికుండగా ఊరిబావి దగ్గరికి చేరలేదు.

కోరేగాం స్తంభం ఎట్టా మాట్లాడింది?

పేరు చెక్కితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మహారాష్ట్రలో భీమా నది ఒడ్డున ఉన్న కోరేగాం అనే ఊరికి పోవాలి. 1818 జనవరి 1న అక్కడ ఈస్టిండియా కంపెనీ దళానికీ పీష్వా సైన్యానికీ యుద్ధం జరిగింది. కంపెనీ దళంలో ఎక్కువమంది బొంబాయి పటాలం సిపాయిలు. వాళ్లలో మహర్లు చాలామంది. మహర్లంటే మన మాలమాదిగల్లాగా ఊరి బయట ఉండి, ఊరికి వెట్టి చేసిన అంటరాని కులం. ఆ యుద్ధం గుర్తుగా 1821లో కంపెనీ ఒక రాతి స్తంభానికి పునాది వేసింది. తమ గెలుపు చాటుకోవడానికే వేసింది. మన మీద ప్రేమతో కాదు.

అయితే ఆ స్తంభం మీద చనిపోయిన 49 మంది పేర్లు చెక్కారు. అందులో 22 పేర్లు 'నాక్' అనే మాటతో ముగుస్తాయి. ఆ రోజుల్లో మహర్ల పేర్ల చివర ఉండే మాట అది. కంపెనీ వాడికి ఆ మాట విలువ తెలియకపోవచ్చు. చదివినోళ్లకు తెలిసింది. వందేళ్ల తర్వాత, 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ తన వాళ్లను వెంటబెట్టుకుని ఆ స్తంభం దగ్గరికి పోయారు. అప్పటినుంచి అది కంపెనీ స్తంభం కాకుండా పోయింది. ఏటా జనవరి 1న లక్షలమంది అక్కడికి పోతున్నారు. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడినప్పుడు దాని గుర్తులో ఆ స్తంభం బొమ్మ చేరింది.

ఒక్క నిమిషం ఆలోచించండి. మన ఊళ్ల పలకల్లాగా ఆ స్తంభం మీద కూడా 49 అనే అంకె మాత్రమే చెక్కి ఉంటే? అంబేద్కర్ ఏం చదివేవారు? జనం ఎవరిని తలుచుకోవడానికి పోయేవాళ్లు? చరిత్రకారులు ఆ అంకెను సెటిల్మెంటు చేసి మహర్లు ఉన్నారంటే ఉన్నారు, లేరంటే లేరు అని తేల్చేసేవాళ్లు. రాతి మీద పేరు ఉంది కాబట్టి ఎవ్వడూ తుడిచెయ్యలేకపోయాడు. 2018లో ఆ యుద్ధానికి రెండొందల ఏళ్లు నిండిన రోజున అక్కడికి పోయిన జనం మీద దాడి జరిగింది. ఒక ప్రాణం పోయింది. ఒక పాత రాయిని చూసి అంత కోపం దేనికి? రాయి ఏమీ అనదు. దాని మీద ఉన్న పేర్లే అంటాయి.

బస్రాలో చెక్కని పేర్లు

ఇక ఇంకో రాయి సంగతి చూద్దాం. మొదటి యుద్ధంలో ఇండియా నుంచి పది లక్షలమందికి పైగా సముద్రం దాటి పోయారు. ఫ్రాన్సుకు పోయారు, తూర్పు ఆఫ్రికాకు పోయారు, అందరికంటే ఎక్కువమంది మెసపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు పోయారు. మొత్తం 74 వేలమంది దాకా చనిపోయారు. మెసపొటేమియాలో చనిపోయి సమాధి కూడా తెలియనోళ్ల కోసం బస్రాలో 1929లో పెద్ద స్మారకం కట్టారు. అందులో 40 వేలమందికి పైగా లెక్క ఉంది.

ఎట్టా రాశారో వినండి. ఇంగ్లీషు అధికారి పేరు చెక్కారు. ఇంగ్లీషు సిపాయి పేరు చెక్కారు. ఇండియా అధికారి పేరు చెక్కారు. ఇండియా మామూలు సిపాయి దగ్గరకొచ్చేసరికి పటాలం పేరు రాసి, కింద ఎంతమందో సంఖ్య వేశారు. వాళ్ల పేర్లు తెలియక కాదు. జీతాల పుస్తకంలో ఉన్నాయి. పింఛను కాగితాల్లో ఉన్నాయి. రాతి మీద మాత్రం చోటు లేకపోయింది.

ఈ స్మారకాలు కట్టిన కమిషన్ 1917లో పుట్టింది. హోదా చూడం, జాతి చూడం, మతం చూడం, చనిపోయినోళ్లందరూ సమానమే అని చెప్పుకుంది. మాట ఎంత గొప్పగా ఉంది! మన రాజ్యాంగంలో 17వ అధికరణం కూడా గొప్పగానే ఉంది. ఆచరణ దగ్గరే అసలు రంగు తేలుతుంది. వందేళ్ల తర్వాత, 2021 ఏప్రిల్లో, ఆ కమిషనే ఒక నివేదిక వేసి తప్పు ఒప్పుకుంది. ఇండియా, ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు 45 వేల నుంచి 54 వేలమందిని మిగతావాళ్లతో సమానంగా తలుచుకోలేదని చెప్పింది. వాళ్లు కాక తక్కువలో తక్కువ 1 లక్షా 16 వేలమందికి పేరు పెట్టి గుర్తే లేదనీ, ఆ సంఖ్య 3 లక్షల 50 వేల దాకా ఉండొచ్చనీ చెప్పింది. క్షమాపణ అడిగింది.

ఢిల్లీలో ఇండియా గేటు చూసినోళ్లుంటారు. 1931లో ప్రారంభించారు. దాని మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. చనిపోయింది 74 వేలు. మిగతావాళ్లు ఏమయ్యారు? మన పిల్లలు బడిలో ఇండియా గేటు బొమ్మకు రంగులేస్తారు. ఈ ప్రశ్న ఏ పాఠంలోనూ ఉండదు. మేం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాం.

వెండి బిళ్ల, కంచు బిళ్ల

సిపాయికే పేరు లేకపోతే కూలోడికి ఎక్కడుంటుంది? ఆ యుద్ధానికి పోయినోళ్లలో అయిదున్నర లక్షలకు పైగా తుపాకీ పట్టనివాళ్లు. గాయపడినోళ్లను మోసేవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, దొడ్లు ఊడ్చేవాళ్లు, రైలుకట్ట వేసేవాళ్లు, ఓడ సరుకు దించేవాళ్లు. వీళ్లను 'ఫాలోయర్లు' అన్నారు. అంటే వెనక వచ్చేవాళ్లు. ఫ్రాన్సుకు పోయిన కూలి దళాల్లో నాగాలు, సంతాలులు ఉన్నారు. గుండ్లు వీళ్ల మీదా పడ్డాయి. కలరా, ఎండ, ఆకలి వీళ్లనే ముందు తిన్నాయి.

ఊళ్లో వెట్టి ఎట్టా ఉంటుందో పటాలంలో ఫాలోయరు బతుకు అట్టానే ఉండేది. ఏ కులం ఊళ్లో ఏ పని చేస్తే పటాలంలోనూ ఆ పనే. తోలు పనికి ఒక కులం, ఊడ్చే పనికి ఒక కులం. జీతం తక్కువ, గాయమైతే ఇచ్చే పింఛను తక్కువ, మర్యాద అసలు లేదు. మనువు ధర్మశాస్త్రం ఓడ ఎక్కి సముద్రం దాటి బస్రా దాకా పోయిందన్నమాట.

యుద్ధం అయిపోయాక అందరికీ పతకాలు పంచారు. బిళ్ల ఒకటే, దాని మీద బొమ్మ ఒకటే. కాకపోతే సిపాయికి వెండి, కూలి దళం వాడికి కంచు. చావులో తేడా లేదు, బిళ్లలో తేడా పెట్టారు. అయినా ఆ బిళ్లలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. దాని అంచు మీద మనిషి నంబరు, పేరు, దళం పేరు గుద్ది ఉంటాయి. రాతి మీద రాయని పేరు బిళ్ల అంచున ఉండిపోయింది. మన పల్లెల్లో పెట్టెల అడుగున, ఉట్టి మీద, పసుపు గుడ్డలో చుట్టి అట్టాంటి బిళ్ల ఎక్కడన్నా ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి అమ్మకండి. తాసీల్దారు సంతకం కంటే గట్టి సాక్ష్యం అది.

"కంపెనీకి పనిచేసినోళ్ల గురించి గర్వం ఏంది?"

ఈ మాట ఎత్తగానే కొందరు పెద్దమనుషులు లేచి అడుగుతారు. తెల్లోడి జీతానికి తుపాకీ పట్టినోళ్లను తలుచుకోవడం దేశద్రోహం కాదా అని. సరే, జవాబు చెబుదాం.

కంపెనీ సైన్యంలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. బెంగాలు పటాలంలో అగ్రకులాల వాళ్లే ఎక్కువ. కంపెనీ కచేరీల్లో శిరస్తాదార్లు, దుబాషీలు, కరణాలు ఎవరు? జమీందారీ సన్నదులు పుచ్చుకుంది ఎవరు? వాళ్ల మనవలను ఎవ్వరూ ఈ ప్రశ్న అడగరు. ఊడిగం చేసి భూములు సంపాదించినోళ్లు దేశభక్తులయ్యారు. ఊడిగం చేసి కంచు బిళ్ల సంపాదించినోడు ద్రోహి అయ్యాడు. ఇదేం లెక్క?

రెండోది. పీష్వాల పూనాలో అంటరానివాడు నడుముకు చీపురు కట్టుకుని, మెడకు ముంత తగిలించుకుని నడవాలి. తన అడుగు తానే ఊడ్చుకుంటా పోవాలి. ఉమ్మి నేల మీద పడగూడదు. ఈ సంగతి అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. అట్టాంటి రాజ్యం తన రాజ్యమని ఆ మనిషి ఎందుకు అనుకోవాలి?

మూడోది ముఖ్యమైంది. పటాలం మన వాళ్లకు ఇచ్చింది జీతం ఒక్కటే కాదు, బడి కూడా. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు. పటాలం బడిలో పిల్లలకు చదువు చెప్పారు. అంబేద్కర్ 1891లో మౌ అనే సైనిక కంటోన్మెంటులో పుట్టారు. ఊరి బడి తలుపు మూసిన రోజుల్లో పటాలం బడి తలుపు తెరిచి ఉంది. దాని నుంచే మొదటి అర్జీలు రాసిన చేతులు వచ్చాయి.

అట్టాగని ఇంగ్లీషువాడిని నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. వాడు ఏం చేశాడో చూడండి. తన రాజ్యం గట్టిపడ్డాక 1892లో మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశాడు. పటాలం నుంచి దిగిన గోపాల్‌బాబా వలంగ్‌కర్ లాంటి పెద్దలు అర్జీలు పెట్టుకున్నా వినలేదు. మన మద్రాసు వైపూ అంతే. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి పెద్దగా ఉన్న జనరల్ రాబర్ట్స్, దక్షిణాది మనుషులు పోరాటానికి పనికిరారని తేల్చాడు. 'యుద్ధ జాతులు' అనే పేరుతో కొన్ని కులాలకు, కొన్ని ప్రాంతాలకు సైన్యాన్ని రాసిచ్చారు. కంపెనీకి మొదట రాజ్యం సంపాదించి పెట్టిన మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు తగ్గిపోయారు. పుట్టుకను బట్టి పని అనే మాట మనువు చెప్పాడు. దానికి ఇంగ్లీషువాడు సైన్సు రంగు పూశాడు.

1914లో మనుషులు చాలకపోయేసరికి తలుపు మళ్లీ తీశారు. 1917లో మహర్ దళం ఒకటి పెట్టారు, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధంలో 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు. చమార్ రెజిమెంటును 1946లో రద్దు చేశారు. పని ఉన్నప్పుడు పిలుపు, పని తీరాక పొమ్మనడం. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ కూడా మన పిల్లలు ఈ చరిత్ర పక్కన పెట్టుకునే చదవాలి. నాలుగేళ్ల కొలువు, అయ్యాక నూటికి పాతికమందికే ఉండే అవకాశం. తెల్లవారుజామున రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తా ఉండే మన వాడల పిల్లల్ని పోవద్దని మేం అనం. పొలం లేనోడికి అదొక దారి. కానీ మీ పేరు, మీ కాగితం, మీ లెక్క మీ దగ్గర భద్రంగా పెట్టుకోండి.

మన కాలువ, దొర పేరు

యుద్ధానికి పోకుండానే రాతికి ఎక్కకుండా పోయిన వాళ్లు మన తీరం నిండా ఉన్నారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలు కూడా అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. సముద్రం పక్కనే ఉప్పు కాలువ తవ్వకం కరువు పనిగా నడిచింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొంతదూరం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు పని చూపించాడు. ఆడోళ్లు మట్టి మోశారు, మగోళ్లు గడ్డపారలు పట్టారు. ఆకలి కడుపుల మీద తవ్విన కాలువ అది. దానికి పెట్టిన పేరు ఏంది? బకింగ్‌హాం కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు దొరగారి పేరు. దొర ఒక తట్ట మట్టి ఎత్తలేదు.

తవ్వినోళ్ల పేర్లు కాలువ మీద లేవు. అయితే ఇంకోచోట పడ్డాయి. 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కరువు తర్వాత మన తీరంలో వేలమంది చర్చి రిజిస్టర్లలోకి వచ్చారు. మతం మాట పక్కన పెట్టండి. ఆ జాబితాలో చేరిన మనిషి కూలి లెక్కలో తట్టల సంఖ్య కాకుండా, ఒక పేరుగా కాగితం ఎక్కాడు. కరణం పుస్తకంలో భూమి ఉన్నోడికే పేరు. భూమి లేనోడికి పేరు దొరికిన మొదటి పుస్తకాల్లో ఇవి కొన్ని. చెదలు పట్టకముందే వాటిని చూసుకోవాల్సిన బాధ్యత మనది.

మన యుద్ధానికి మన రాళ్లు

యుద్ధమంటే సరిహద్దులో జరిగేదే అనుకుంటే పొరపాటు. 1985 జూలై 17న కారంచేడులో మన వాళ్లు ఆరుగురిని చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. ఊరంతా కట్టుబట్టలతో చీరాలకు నడిచి వచ్చింది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. పేరు లేకుండా, గుర్తు లేకుండా చేయడమే ఆ గోతాల ఉద్దేశం. మన వాళ్లు ఏం చేశారు? ఆ దేహాలను తెచ్చి ఊరి నడుమ పూడ్చారు. ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊరికి దూరంగా ఉండాలన్న శ్మశానాన్ని ఊరి గుండె మీద పెట్టారు.

చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. తీర్పు కాగితం ఒక్కరోజులో తారుమారైంది. రక్తక్షేత్రం తారుమారు కాలేదు. ఏటా ఆగస్టు 6న జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. కోరేగాం నేర్పిన పాఠమే ఇక్కడా కనపడుతుంది. ఎవడు కట్టాడన్నది స్మారకానికి మొదటి రోజు సంగతి. ఎవరు వస్తున్నారు, ఎవరి పేర్లు చదువుతున్నారు అన్నదే దాని అసలు చరిత్ర.

మీ పంచాయతీ శిలాఫలకం చూశారా?

ఇదంతా పాత కథ అనుకోకండి. 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 'మేరీ మాటీ మేరా దేశ్', మన దగ్గర 'నా భూమి – నా దేశం', అనే కార్యక్రమం పెట్టింది. ప్రాణాలిచ్చిన స్థానిక వీరుల పేర్లతో ప్రతి పంచాయతీలో శిలాఫలకం వెయ్యాలంది. దేశమంతటా 2 లక్షలకు పైగా వేశారు. మీ ఊళ్లో వేశారా? వేస్తే ఎక్కడ వేశారు? దాని మీద ఎవరి పేర్లున్నాయి? ఆ పేర్లు ఇచ్చింది ఎవరు? పల్లెలోకి వచ్చి, మీలో ఎవరన్నా పటాలానికి పోయారా అని ఎవరన్నా అడిగారా? ఫలకం ఉండి పేర్ల చోటు ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ ఎవరిది?

పేర్లు చెక్కడం కష్టం, చోటు చాలదు అని ఎవ్వరూ అనడానికి లేదు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద 25 వేలకు పైగా పేర్లు ఒక్కొక్కటీ చెక్కారు. మన రాష్ట్రంలోనే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యిమందికి పైగా పంపిన ఊరు. ఊరోళ్లు తమ సైనికుల కోసం స్మారకం కట్టుకున్నారు. 'మిలిటరీ మాధవరం' అనే పేరు నిలబెట్టుకున్నారు. ఒక ఊరు తన లెక్క తాను దాచుకుంటే ఇట్టా ఉంటుంది. మన పల్లెలు కూడా దాచుకోవాలి. లెక్కతో ఆగకుండా పేర్లతో దాచుకోవాలి.

కాబట్టి కార్యకర్తలు ఈ పని మొదలుపెట్టండి.

ఒకటి. పల్లెలో వయసుపైబడిన అవ్వాతాతల దగ్గర కూర్చోండి. ఎవరు పటాలానికి పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరింటికి మనియార్డరు వచ్చేది అని అడగండి. మాలపల్లెలోనూ అడగండి, మాదిగపల్లెలోనూ అడగండి. ఒక పల్లె జాబితా, ఇంకో పల్లె జాబితా అని విడగొట్టకండి.

రెండు. ఆడోళ్ల పేర్లు రాయండి. మొగుడు బస్రాలో ఉంటే ఇక్కడ పిల్లల్ని సాకి, దొర పొలంలో నాట్లేసిన మనిషి పేరు సిపాయి పేరు పక్కనే ఉండాలి. 'ఫలానావాడి భార్య' అని రాసి వదిలేస్తే ఇంగ్లీషు సర్కారు చేసిన పనే మనమూ చేసినట్టు.

మూడు. బిళ్లలు, డిశ్చార్జి కాగితాలు, పింఛను పుస్తకాలు, పాత ఫొటోలు చూడండి. సెల్‌ఫోనుతో ఫొటో తీసి, అసలుది ఇంటోళ్ల దగ్గరే ఉంచండి. చర్చి రిజిస్టర్లు పాస్టరుగారి అనుమతితో చూడండి.

నాలుగు. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినోళ్ల పేర్లను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. చదువుకున్న పిల్లలు వెతకొచ్చు. స్వాతంత్ర్యం తర్వాత పనిచేసినోళ్ల వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

అయిదు. జాబితా తయారయ్యాక గ్రామసభలో పెట్టండి. శిలాఫలకం మీద ఈ పేర్లు చేర్చాలని తీర్మానం చేయించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చూసి సంతకం పెట్టండి. చేర్చకపోతే అంబేద్కర్ విగ్రహం దగ్గర మన రాయి మనమే వేసుకుందాం. సిమెంటు పలక చాలు. పాలరాయి అక్కర్లేదు.

యుద్ధాన్ని పొగడమని మేం చెప్పడం లేదు. పేదోడిని పంపి పెద్దోడు గెలిచే యుద్ధాలు ఏ దేశంలో జరిగినా మనకు ఒరిగేదేమీ లేదు. చావు మన వాళ్లదైనప్పుడు పేరు కూడా మన వాళ్లదే కావాలి. మనం అడుగుతున్నది ఇంతే. పేరు దాచినోడే హక్కు కూడా దాస్తాడు. భూమి పట్టాలో, ఓటరు జాబితాలో, ఉపాధి హామీ మస్టరులో మన పేరు ఉందా లేదా అని వెతుక్కోవడం మనకు అలవాటే. రాతి మీద కూడా వెతకండి. లేకపోతే రాయించండి.

వచ్చే జనవరి 1 నాటికి ప్రతి పల్లె నుంచి ఒక జాబితా రావాలి. పది పేర్లుంటే పది, ఒక్క పేరుంటే ఒక్కటే. ఆ రోజు ప్రతి వాడలో ఆ పేర్లు గట్టిగా చదవండి. పిల్లల చేత చదివించండి.

జై భీమ్!